పిల్లి వీపు అదురుతోందా? కంగారు పడేముందు వరుసగా చూడాల్సినవి

మా పిల్లి జున్నుకి రెండేళ్లప్పుడు జరిగింది ఇది. అమ్మ నెల్లూరు నుంచి వచ్చి ఉంది. చెన్నై పెరంబూరులో మా ఫ్లాటు హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కనే ముడుచుకుని పడుకున్న జున్ను ఉన్నట్టుండి లేచింది. నడుము దగ్గర చర్మం చెరువులో రాయి వేసినట్టు అలలు అలలుగా కదిలింది. తల వెనక్కి తిప్పి తోక మొదట్లో గబగబా కొరుక్కుని, ఎవరో తరిమినట్టు వంటింట్లోకి పరుగు తీసింది.

"ఏందే ఇది, దీనికేమన్నా గాలి సోకిందా?" అంది అమ్మ.

నాకేం తెలుసు. రాత్రి ఫోన్లో వెతికితే ఒకచోట మూర్ఛ అన్నారు, ఒకచోట మెదడు జబ్బు అన్నారు, ఇంకోచోట ఏమీ కాదు ముద్దుగా ఉంటుంది అన్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఇప్పుడైతే ఆ రాత్రి ఏం చేసి ఉండాల్సిందో తెలుసు. పేల దువ్వెన, తడి టిష్యూ తీసుకుని కూర్చోవాల్సింది. అది మూడో అడుగులో వస్తుంది. ముందు విషయం తెలియాలి.

అసలు అదిరేది ఏమిటి

ఆవు వీపు మీద ఈగ వాలడం చూసే ఉంటారు. తోక అందని చోటైతే ఆవు అక్కడి చర్మాన్ని మాత్రం చటుక్కున జలదరించి ఈగను లేపేస్తుంది. పిల్లికీ అదే ఏర్పాటు ఉంది. చర్మం కిందే, వీపునీ పక్కల్నీ కప్పుతూ పల్చటి దుప్పటిలాంటి కండరం ఒకటుంటుంది. మనకు వీపు మీద అది లేదు కాబట్టే దోమ వాలితే చెయ్యి వెయ్యాల్సి వస్తుంది.

వీపు చర్మానికి ఏదైనా తగిలితే ఆ కబురు నరం వెంట వెన్నుపాములోకి వెళ్తుంది. అక్కడి నుంచి పైకి పాకి, మెడా ఛాతీ కలిసే చోట బయటికొచ్చే ఇంకో నరం ద్వారా ఈ కండరానికి చేరుతుంది. కండరం అదురుతుంది. ఇదంతా పిల్లి ఆలోచించి చేసేది కాదు, మన కన్ను అదిరినట్టే. (ఎడమ కన్నా కుడి కన్నా అని పిల్లుల్లో శకునాలు లేవు, అదొక్కటే తేడా.)

కాబట్టి వీపు అదరడం జబ్బు పేరు కాదు, జ్వరంలా ఒక గుర్తు. ఆ దారిలో ఎక్కడ చిరాకు పుట్టినా పైకి కనిపించేది ఒకటే. చర్మం మీద పురుగు కావచ్చు, చర్మంలో అలర్జీ కావచ్చు, వెన్నులో నొప్పి కావచ్చు, నరాల్లోనో మెదడులోనో తేడా కావచ్చు. మనం వెతకాల్సింది కూడా ఈ దారి వెంటే, బయటి నుంచి లోపలికి. నేను ఆ రాత్రి చేసిన తప్పు ఏమిటంటే మెదడు దగ్గర మొదలుపెట్టాను.

మొదటి అడుగు: ఇది ఆగగలదా, ఇప్పుడే పరుగెత్తాలా

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. వీపు ఒక్కటే కాకుండా ఒళ్లంతా ఆగకుండా వణకడం. చొంగ కారుతూ తూలిపోవడం. పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకోవడం. వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయి ఈడ్చుకుంటూ అరవడం. గుండె జబ్బున్న పిల్లుల్లో రక్తం గడ్డ వెళ్లి కాళ్లకు రక్తం అందకపోతే ఇలా అవుతుంది, అప్పుడు పాదాలు చల్లగా ఉంటాయి. మగపిల్లి పదేపదే లిట్టర్ డబ్బాలో (దాని మలమూత్రాల తొట్టిలో) కూర్చున్నా మూత్రం రాకపోవడం. ఇక అన్నిటికన్నా ముఖ్యంగా, గత రెండు మూడు రోజుల్లో కుక్కల మందు ఏదైనా దానికి పూసి ఉండటం. దీని గురించి తర్వాత విడిగా చెబుతాను.

ఫిట్స్ వస్తే నోట్లో వేలు పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే ప్రాణాపాయం.

దీనికి పూర్తిగా ఇటువైపు, అసలు పట్టించుకోనక్కర్లేనివీ ఉన్నాయి. నడుము మీద నిమిరితే ఒక్కసారి అల కదిలి ఆగిపోవడం మామూలే. గాఢనిద్రలో మీసాలు, పంజాలు, చర్మం అదరడం కూడా అంతే. పైనుంచి నీటి చుక్క పడితే అదరకపోతేనే ఆశ్చర్యం. సెకనో రెండు సెకన్లో అదిరి, పిల్లి తన పని తాను చూసుకుంటే మీరూ మీ పని చూసుకోండి.

ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్ల కోసమే మిగతాదంతా. అంటే ఎవరూ తాకకుండానే రోజూ అదరడం, కళ్లలో నల్లగుడ్డు పెద్దదైపోవడం, తోక కొట్టుకోవడం, నడుమునో తోకనో ఆత్రంగా నాకడం, కొరకడం, ఏదో చూసి భయపడ్డట్టు పరుగెత్తడం, అరవడం.

రెండో అడుగు: వీడియో, నోటుబుక్కు

ఆసుపత్రి బల్ల మీద పిల్లి ఎప్పుడూ అదరదు. రాయిలా కూర్చుంటుంది. మీరు చేతులతో అభినయించి చూపించాల్సి వస్తుంది, డాక్టరు మర్యాదగా తలూపుతారు. అందుకే వీడియో తీయండి, కనీసం మూడు నాలుగు. దగ్గరికి వెళ్లకుండా, పిల్లి మొత్తం కనిపించేలా, మొదలైనప్పటి నుంచి అయిపోయాక ఒక నిమిషం వరకు. అయిపోయాక ఎలా ఉందన్నది చాలామంది తీయరు. డాక్టరుకి బాగా పనికొచ్చేది అదే.

ఒక వారం పాటు నోటుబుక్కులో రాయండి: ఎన్నింటికి వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, ఎంతసేపు, పేరు పెట్టి పిలిస్తేనో తిండి డబ్బా చప్పుడు చేస్తేనో ఆగిందా, తర్వాత తిన్నదా. పిలిస్తే ఆగి మామూలుగా అయిపోతే ఒక అర్థం. పిలిచినా లోకంలో లేనట్టుండి, తర్వాత కాసేపు మత్తుగా తిరిగితే మూర్ఛ వైపు ఆలోచించాలి. ఇది తీర్పు కాదు, డాక్టరుకి ఒక ఆధారం మాత్రమే.

నా నోటుబుక్కులో మొదటి వారం 23 గీతలున్నాయి. ఎక్కువ భాగం సాయంత్రం 6 నుంచి 9 మధ్య, అది కూడా చాప మీద నుంచి లేచాక. ఆ రెండో ముక్కని నేను పట్టించుకోలేదు. దాని సంగతి చివర్లో.

అది అదురుతున్నప్పుడు తాకొద్దు, ఓదార్చడానికి ఎత్తుకోవద్దు. ఆ క్షణంలో మీ చెయ్యి కూడా దానికి ఇంకో ఈగే. గీరుతుంది, కొరుకుతుంది.

మూడో అడుగు: పురుగుల వేట

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మన ఊళ్లో చాలా పిల్లుల కథ ఇక్కడే తేలిపోతుంది.

ఫ్లీస్ అంటారు. మనవాళ్లు పేలు, గోమార్లు, పిడుదులు అని నోటికొచ్చింది అనేస్తారు కానీ నేను చెప్పేది ఒంటికి అంటుకుని ఉబ్బే రకం కాదు. రెక్కల్లేని, పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉండే, పట్టుకోబోతే ఎగిరి గెంతే గోధుమరంగు పురుగు. దానికి వెచ్చదనం, గాలిలో తేమ ఉంటే చాలు. చలిదేశాల్లో శీతాకాలం వస్తే కాస్త తగ్గుతుంది. చెన్నైలో శీతాకాలం అంటే మార్గళిలో (మన ధనుర్మాసంలో) తెల్లవారుజామున ఫ్యాను ఒక పాయింటు తగ్గించడం. అందుకని ఇక్కడ వాటికి ఏడాది పొడవునా పండగే.

"మా పిల్లి గడప దాటదు" అనకండి. అది దాటకపోయినా మీరు దాటుతారు. మెట్ల దగ్గర పడుకునే కుక్క, సందులో తిరిగే పందికొక్కు, మీ ప్యాంటు అంచు, ఏదైనా చాలు.

పద్ధతి ఇది. పేల దువ్వెన తీసుకోండి. చెన్నైలో అంగడివాళ్లని పేన్ సీప్పు అని అడిగితే ఇస్తారు. పిల్లి ప్రశాంతంగా ఉన్నప్పుడు తెల్లగుడ్డ మీద కూర్చోబెట్టి తోక మొదలు, నడుము, మెడ, తొడల వెనక, పొట్ట దువ్వండి. దువ్వెనలో మిరియాల పొడిలా నల్లటి నలుసులు వస్తే తడి టిష్యూ మీద రాల్చి ఒక నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో పాకితే అది పురుగు మలం, అంటే జీర్ణమైన రక్తం. పురుగు కంటికి కనిపించకపోయినా అది ఉన్నట్టే.

ఏమీ దొరకకపోతే పురుగులు లేవని అర్థం కాదు. పిల్లి నాలుక ఆకురాయిలాంటిది, దొరికిన పురుగునల్లా నాకి మింగేస్తుంది. పురుగు ఉమ్ముకి అలర్జీ ఉన్న పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి దురద. అందుకే వేళ్లతో చర్మం తడిమి కూడా చూడండి. నడుము మీద, మెడ చుట్టూ కొర్రగింజలు అంటుకున్నట్టు చిన్న చిన్న పొక్కులు తగులుతాయి. డాక్టర్లు దీన్ని మిలియరీ డెర్మటైటిస్ అంటారు. ఆ మాటకి మూలం కూడా చిరుధాన్యం పేరే. మలద్వారం దగ్గర ఎండిన బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఎక్కువగా ఈ గెంతే పురుగుని మింగడం వల్లే అవి కడుపులోకి వెళ్తాయి కాబట్టి అదీ ఒక సాక్ష్యమే.

నాలుగో అడుగు: మందు వేసేముందు చీటీ చదవడం

నేను దాదాపు చేసిన ఘోరం ఇక్కడుంది. దగ్గర్లోని ఒక పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి పురుగుల మందు అడిగితే, కౌంటర్లో కుర్రవాడు ఒక చిన్న ట్యూబు ఇచ్చి "కుక్కదే, కానీ సగం వేయండి చాలు" అన్నాడు. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివితే అందులో పర్మెత్రిన్ అని ఉంది.

పర్మెత్రిన్ కుక్కలకు పనికొస్తుంది, పిల్లులకు విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సగం వేసినా, పావు వేసినా అంతే. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల తర్వాతో ఒళ్లంతా వణుకు, ఫిట్స్ వస్తాయి. వీపు అదురుతోందని మందు వేసి ప్రాణాల మీదికి తెచ్చుకోవడం అంటే ఇదే. పొరపాటున వేసేసి ఉంటే గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కొంచెం వేసి కడిగి, తువ్వాలులో చుట్టి, ఆ మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటికే ఫిట్స్ మొదలై ఉంటే కడగడం మానేసి నేరుగా బయల్దేరండి. ఇంట్లో కుక్క కూడా ఉండి దానికి ఇలాంటి మందు వేస్తే రెండు మూడు రోజులు ఇద్దర్నీ వేరువేరుగా ఉంచాలి.

కుక్కలకు చల్లే పొడులు, కుక్క మెడపట్టీలు, అమిట్రాజ్ అనే రసాయనం ఉన్న మందులు కూడా వద్దు. మన ఇంటి వైద్యాలూ అంతే. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు పిల్లికి విషం. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి అది పాదాలు నాక్కుంటుంది. వేపనూనె సహజం కదా అంటారు. సహజమే, కానీ పిల్లి ఒంటి మీద ఏది రాసినా దాని కడుపులోకే వెళ్తుంది.

మరేం వేయాలి? పిల్లుల కోసమే తయారైన చుక్కల మందు. సెలామెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్, ఫ్లూరలానర్ లాంటివి ఉన్నాయి. ఏది, ఎంత అన్నది పిల్లి బరువూ వయసూ చూసి డాక్టరు చెప్పాలి, కూనలకైతే మరీ ముఖ్యం. వేసేటప్పుడు మెడ వెనక, తల మొదట్లో, నాలుక అందని చోట వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద పిండాలి. వెంట్రుకల మీద పిండితే డబ్బు వృథా. ముందూ వెనకా రెండు రోజులు స్నానం వద్దు. (పిల్లికి స్నానం పోయగలిగినవాళ్లకే ఈ హెచ్చరిక.)

ఒక్క డోసుతో అయిపోదు. మీరు పిల్లి మీద చూసే పురుగులు మొత్తం సంతతిలో కొద్ది భాగమే. మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లలో ప్యూపాలుగా సోఫా సందుల్లో, చాపల్లో, తలుపు మూలల్లో ఉంటాయి. గూట్లో ఉన్నదానికి ఏ మందూ తగలదు, అది వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఆగి బయటికొస్తుంది. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి జంతువుకీ, చీటీలో ఉన్న వ్యవధి ప్రకారం, కనీసం 3 నెలలు వేయాలి. పక్కగుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే సోఫా కుట్ల వెంట లాగి ఆ చెత్త వెంటనే బయట పారేయాలి. లేకపోతే చీపురుతో మూలలు ఊడ్చడమే.

దువ్వెనలో ఏమీ దొరకకపోయినా ఈ మూడు నెలల కోర్సు చేసి చూడమనే చాలామంది డాక్టర్లు అంటారు. నేనూ అదే అంటాను.

అయిదో అడుగు: మిగతా దురదలు, నొప్పులు

పురుగులు కాకపోతే చర్మానికి వచ్చే మిగతావి ఉన్నాయి: గజ్జి పురుగులు, తామర, తిండి అలర్జీ. ఇవి ఇంట్లో తేలేవి కావు. తిండి అలర్జీకి మాత్రం ఒక మాట. దానికి నమ్మదగిన పరీక్ష అంటే డాక్టరు చెప్పిన ఒకే రకం ఆహారం దాదాపు 8 వారాలు పెట్టి చూడటమే. ఆ 8 వారాల్లో ఒక్క నెత్తళ్ల ముక్క, ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టినా మళ్లీ మొదటికే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది అర్థమయ్యేలా చెప్పడమే అసలు కష్టం. "పాపం మూగజీవం" అని బల్ల కింద నుంచి అందించే చెయ్యి ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది.

నొప్పి ఇంకా మోసకారి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కుంటదు, మూలగదు. ఫ్రిజ్ మీదికి ఒక్క గెంతులో ఎక్కేది కుర్చీ మీదికి, అక్కడి నుంచి పైకి ఎక్కడం మొదలెడుతుంది. లిట్టర్ డబ్బా అంచు దాటలేక పక్కనే కానిస్తుంది. నడుము దాకా వంగి నాక్కోలేక అక్కడ బొచ్చు ఉండ కడుతుంది. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. కాబట్టి ముసలి పిల్లి వీపు అదురుతుంటే పురుగులతోపాటు వెన్నునీ అనుమానించాలి.

నొప్పి అని తోచినా మన జ్వరం మాత్ర వేయొద్దు. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు.

ఆరో అడుగు: డాక్టరు దగ్గర

చెన్నైలో పాత పేరున్న చోటు వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాల, 1903 నాటిది. అక్కడ బోధనాసుపత్రి ఉంది. మీ వీధిలో పిల్లుల్ని ఓపికగా చూసే డాక్టరుంటే మొదట అక్కడికే వెళ్లండి. బుట్ట మీద పాత చున్నీ కప్పితే ఆటోలో కాస్త తగ్గి ఉంటుంది.

అరవం అంతగా రానివాళ్లకు నాలుగు మాటలు: ముదుగు తుడిక్కుదు అంటే వీపు అదురుతోంది. అరిప్పు అంటే దురద, వలి అంటే నొప్పి. తెళ్లుపూచ్చి అంటే మనం ఇందాక వేటాడిన పురుగు.

వాళ్లు దువ్వెనతో, చర్మం గీరి తీసిన పొడితో మొదలుపెడతారు. వెన్ను పొడుగునా వేళ్లతో నొక్కి చూస్తారు. వీపు మీద అక్కడక్కడ సన్నగా గిల్లి అదురు వస్తోందో లేదో కూడా చూడొచ్చు. ఒక చోట నుంచి కిందికి అదురు రాకపోతే వెన్నుపాములో తేడా ఎక్కడుందో అంచనా దొరుకుతుంది. అవసరాన్ని బట్టి రక్తం, మూత్రం, ఎక్స్‌రే, పెద్ద వయసు పిల్లికి థైరాయిడ్ చూస్తారు. ఎంఆర్ఐ దాకా వెళ్లేవి తక్కువ.

మీరు అడగాల్సినవి రెండు. "ఇప్పుడు దేన్ని అనుమానిస్తున్నారు?", "ఈ మందు పని చేస్తోందని ఎన్ని రోజుల్లో తెలుస్తుంది?" ఒకేసారి నాలుగు రకాలు మొదలుపెడితే ఏది పని చేసిందో ఎవరికీ తెలియదు.

ఏడో అడుగు: ఏదీ కాదని తేలితే

పురుగు లేదు, చర్మం బాగుంది, వెన్ను బాగుంది, అయినా అదురుతోంది. అప్పుడు డాక్టరు ఫెలైన్ హైపరెస్థీషియా సిండ్రోమ్ అనొచ్చు. సూటిగా చెప్పాలంటే స్పర్శ మోతాదు మించి తెలిసే స్థితి. దీనికి ఒక పరీక్ష అంటూ లేదు. మిగతావన్నీ కొట్టివేశాక మిగిలేదే ఇది. ఎక్కువగా చిన్న వయసులో మొదలవుతుంది. సియామీస్, బర్మీస్, అబిస్సీనియన్ జాతుల్లో ఎక్కువ చూస్తామంటారు, మన నాటు పిల్లులకూ రావొచ్చు. నరాల సంగతా, మూర్ఛలో ఒక రకమా, మనసు ఒత్తిడా అన్నది నిపుణుల్లోనే తేలలేదు. అందుకే మందులు కూడా మూడు వైపుల నుంచీ ఉంటాయి: నరాల నొప్పికి గాబాపెంటిన్, ఒత్తిడికి ఫ్లూయోక్సెటిన్, మూర్ఛకి ఫెనోబార్బిటాల్. ఫ్లూయోక్సెటిన్ లాంటివి పని చూపించడానికి వారాలు పడుతుంది. వీటిలో దేన్నీ సొంతంగా మొదలుపెట్టొద్దు, బాగుంది కదా అని హఠాత్తుగా ఆపొద్దు. తోక కొరికి పుండు చేసుకునే పిల్లికి మెడ చుట్టూ గరాటు పట్టీ తప్పదు.

మందుతో సమానంగా ఇంటి వాతావరణం పని చేస్తుంది. ఇది పురుగుల పిల్లికైనా, నొప్పి పిల్లికైనా మేలే. రోజుకి రెండుసార్లు పది నిమిషాలు తాడుతోనో ఈకతోనో వేటాడించండి, ఆట అయిన వెంటనే తిండి పెట్టండి. ఎత్తులో ఒక చోటు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. నిమిరేటప్పుడు బుగ్గలు, నుదురు, గడ్డం చాలు, నడుము జోలికి వెళ్లొద్దు. మూడుసార్లు నిమిరి ఆగండి, ఇంకా కావాలంటే అదే తల ఆనిస్తుంది. పిల్లలకు ఈ లెక్క నేర్పితే వాళ్లే మనకన్నా బాగా పాటిస్తారు. దీపావళికి ముందే ఒక గది సిద్ధం చేసి కిటికీ మూసి, ఫ్యాను చప్పుడు పెట్టి ఉంచండి. పైఫ్లాటులో డ్రిల్లింగ్ జరుగుతున్న వారాలు నోటుబుక్కులో విడిగా గుర్తు పెట్టుకోండి, లేకపోతే మందు పని చేయట్లేదని అపోహ పడతారు.

జున్ను సంగతి

జున్నుకి ఇంత దూరం రాలేదు. టిష్యూ ఎర్రబడింది, మందు మొదలైంది. మొదటి వారం 23 గీతలున్నవి రెండో నెలకి వారానికి 6 అయ్యాయి, మూడో నెల 1. నవంబరు వానల్లో మళ్లీ 9కి ఎగబాకాయి. డాక్టరు నోటుబుక్కు తిరగేసి, "సాయంత్రం చాప మీద నుంచి లేచాక అని ఇన్నిసార్లు రాశారు, ఆ చాప ఉతికారా?" అన్నారు.

దుప్పట్లు ఉతికాను, సోఫా దులిపాను. అమ్మ చాపని మాత్రం ఆమె వెళ్లగానే చుట్టి మంచం కింద పెట్టాను, సాయంత్రం అయితే తీసి పరిచేదాన్ని. వాన ఆగిన రోజు మేడ మీదికి తీసుకెళ్లి విప్పితే అల్లిక సందుల్లో నల్లటి నలుసులు. ఒకటి తడి టిష్యూ మీద రాల్చి ఒక నిమిషం ఆగాను.